రాయిపాడుకి రెండు టిక్కెట్లు

మా ఊళ్ళో స్టేషన్ లేదు. అయినా మా ఆయన ఆటో ఎక్కిన ప్రతివాళ్ళూ "స్టేషన్ కాడ ఆపండి" అంటారు. ఆయన ఆపుతాడు. ముందు సీట్లో, ఒళ్ళో టిఫిన్ క్యారేజీ పెట్టుకుని కూర్చున్న నాకు ఆ మాట విన్నప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అది ఎక్కి ఆరేళ్ళయింది. ఇంకా దిగలేదు.

స్టేషన్ అంటే మేడలూ వంతెనలూ ఉన్న స్టేషనేమీ కాదు. తాళ్ళమెరక హాల్ట్. ఒక రేకుల షెడ్డు, రెండు సిమెంటు బల్లలు, పసుపు పలక మీద మూడు భాషల్లో ఊరి పేరు, నేను కూర్చునే జానెడు కిటికీ. కాకినాడ నుంచి కోటిపల్లికి రోజుకొక రైలుబస్సు వచ్చేది. పేరుకి రైలు, వాలకానికి బస్సు, మొత్తం కలిపి ఒకటే పెట్టె. గేటు వచ్చిన ప్రతిచోటా ఆగేది. లోపల్నించి మనిషి దిగి గేటు వేసి, పెట్టె దాటాక గేటు తీసి, పరిగెత్తుకొచ్చి మళ్ళీ ఎక్కేవాడు. అలా పదకొండున్నరకి మా ఊరి మీదుగా కోటిపల్లి వెళ్ళి, ఒంటిగంటన్నరకి తిరుగుముఖంలో మళ్ళీ మా ఊరొచ్చేది. దానికి టిక్కెట్లు అమ్మే ఏజెంటుని నేను. జీతం లేదు, టిక్కెట్టుకింత అని ఇచ్చేవారు. ఆ వచ్చేది ఇంట్లో ఉప్పుకీ చింతపండుకీ సరి. కానీ నాగదుర్గ అన్న నా పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. అందరూ "స్టేషన్ గారు" అనేవారు. బీకాం చదివి వంటింట్లో కూర్చున్నన్నాళ్ళూ రాని 'గారు' ఆ కిటికీలో కూర్చున్నాక వచ్చింది.

అది కరోనాకి ముందొచ్చిన వేసవి. ఉగాదికి వారం ముందు మా ఆయన లోవరాజు కువైట్ నుంచి వచ్చేశాడు. ఎనిమిదేళ్ళు అక్కడ ఒకరింట్లో కార్లు నడిపాడు. "ఇంక వెళ్ళనే దుర్గా, ఆ ఎండ కంటే మన ఎండే నయం" అన్నాడు. సంతోషించాను. పదిహేను రోజులు సంతోషించాను. పదహారో రోజున ఒక ఆటో కొని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బంతిపూల దండ వేసి, తిన్నగా తీసుకొచ్చి నా కిటికీ ఎదురుగా పెట్టాడు.

"ఇక్కడ పెట్టేరేంటండీ?" అన్నాను.

"నీడుంది. జనం కూడా ఇక్కడే ఉన్నారు కదే."

"ఆ జనం నా జనం."

"నీ జనం రైలు కోసం వచ్చేరు. రైలేదీ?"

రైలు లేదు. రావడానికి ఇంకా గంటంపావు ఉంది. ఆయన బండిలోంచి తల బయట పెట్టి "రామచంద్రం, రామచంద్రం" అని రామచంద్రపురం కేకలు రెండు వేసేసరికి నా బల్లల మీద వాళ్ళందరూ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, పంచెలు ఎగ్గట్టుకుంటూ వెళ్ళి ఎక్కేశారు. అప్పట్నించీ అదే వరస. నా రేకుల కింద కూర్చుని, నా కుండలో నీళ్ళు తాగి, నాకు దణ్ణం పెట్టి, మా ఆయన బండెక్కేవారు. రామచంద్రపురానికి ఆటో ముప్పావుగంట, అదీ ఎప్పుడంటే అప్పుడు. రైలుబస్సు పది రూపాయలే గానీ దానికి వేళ ఒకటే. అందర్నీ తప్పుపట్టలేను. మా ఆయన్ని మాత్రం పట్టాను, ఇంట్లో, పొద్దునా సాయంత్రమూ.

నా కిటికీ విడిచిపెట్టని మనిషి ఊరు మొత్తానికి మాణిక్యం పిన్ని ఒక్కతే. ఆవిడ రామచంద్రపురం హోటళ్ళకి అరటాకులు వేస్తుంది. తలకాయంత లావు కట్టలు నాలుగు. ఆటోలో పెడితే ఆకు చిరుగుతుంది, పక్కవాళ్ళు విసుక్కుంటారు. రైలుబస్సులో అయితే తలుపు పక్కన నిలబెట్టుకుని వెళ్ళొచ్చు. "నువ్వు కిటికీ మూసేసిన్రోజున నేను అరటి తోట కొట్టేసుకోవాలే అమ్మాయ్" అనేది.

ఏప్రిల్ ఆఖర్లో ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మాకూ, రామచంద్రపురం వైపు పక్క హాల్టు రాయిపాడుకీ మధ్య దూరం మూడు కిలోమీటర్లట. రెండుచోట్లా ఎక్కేవాళ్ళు అంతంతమాత్రమట. మే నెలంతా టిక్కెట్లు చూసి, రెండిట్లో ఒకటి ఉంచి ఒకటి తీసేస్తారట. మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవబుద్ధి కాలేదు. తీసుకెళ్ళి తాతాజీ గారికి ఇచ్చాను.

తాతాజీ గారు ఒకప్పటి సర్పంచి. పదవి పోయి పాతికేళ్ళయినా ఊళ్ళో ఏ మాటైనా ఆయన అరుగు మీదే తెగాలి. ఆ సాయంత్రం వీధికి ఇద్దరు చొప్పున పెద్దల్ని నా షెడ్డులోనే కూర్చోబెట్టారు.

"ఈ ఊరికి స్టేషన్ పోడం కొత్త కాదు" అని మొదలుపెట్టారు. అందరికీ వచ్చిన కథే. దొరల కాలంలో ఈ లైను వేశారు. పదేళ్ళు పైన నడిచింది. ఆ రోజుల్లో ఆయన నాన్నగారు కోటిపల్లి తీర్థానికి బొగ్గు బండిలో వెళ్ళి, తెల్ల పంచె నల్లగా చేసుకుని వచ్చారు. ఇంతలో యుద్ధం వచ్చింది. ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. అరవయ్యేళ్ళు ఆ కట్ట ఉత్త కట్టగానే ఉంది. బళ్ళు తోలారు, ధాన్యం నూర్చారు, పిడకలు కొట్టారు. పాత స్టేషన్ రాళ్ళు కూడా ఎవరికి వాళ్ళు మోసుకుపోయారు.

"ఆ రాళ్ళు ఎవరి అరుగులో ఉన్నాయో చెప్పమంటారాండీ?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"అది ఇప్పుడు అప్రస్తుతం" అన్నారు తాతాజీ గారు, నవ్వు రానివ్వకుండా. "మళ్ళీ వేసేరు కదా పట్టాలు. రేపు గోదాట్లో వంతెన పూర్తయి రైలు అమలాపురం దాటి వెళ్ళిందనుకోండి, ఇది మెయిన్ లైను. అప్పుడు స్టేషన్ ఉన్నోళ్ళది ఊరు, లేనోళ్ళది పాలెం. రాయిపాడోళ్ళు రైలు కిటికీలోంచి మనకి టాటా చెప్పుకుంటూ పోతారు, ఆలోచించుకోండి."

ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. రాయిపాడు వాళ్ళ టాటా ఎవరికీ పడదు. వాళ్ళతో మాకు కాలవ నీళ్ళ దగ్గర మూడు తరాల తగువు. "రాయిపాడు నీళ్ళు ఉప్పన, మనుషులు చప్పన" అని మా ఊళ్ళో పిల్లలకి ఊయల్లోనే వినిపిస్తారు.

ఉపాయం కూడా తాతాజీ గారిదే. వేసవిలో కాలవకి వంతులేసుకున్నట్టు టిక్కెట్లకీ వంతులు. రోజుకి నలభై గడపలు, గడపకి ఒక టిక్కెట్టు. సోమవారం పైవీధి, మంగళవారం లాకుల వీధి, బుధవారం చెరుకు బళ్ళ సందు, అలా వారానికి ఊరు ఒక చుట్టు.

"కొంటే చాలాండీ? ఎక్కక్కర్లేదాండీ?" మా ఆయన చెయ్యెత్తి మరీ అడిగాడు.

"ఎక్కితే ఎక్కుతారు, లేకపోతే నీ బండెక్కుతారు. వాళ్ళు చూసేది టిక్కెట్టుని, మనిషిని కాదు కదయ్యా."

"ఏ ఊరికి ఇమ్మంటారండీ?" అని నేను అడిగాను.

"ఎక్కని దానికి ఏ ఊరైతే ఏంటమ్మాయ్!"

నేను ఆ మాట దగ్గర ఆగాల్సింది. ఆగలేదు. ఎందుకు ఆగలేదో చెప్పాలంటే నా టిక్కెట్ల పెట్టె గురించి చెప్పాలి.

హాల్టు ఏజెంటు టిక్కెట్లు ముందే డబ్బు కట్టి పెద్ద స్టేషన్లో తెచ్చుకోవాలి. ఊరికొక కట్ట, అట్ట టిక్కెట్లు. మా లైన్లో ఏ ఊరికైనా ధర పది రూపాయలే. నాలుగేళ్ళ కిందట కొత్తగా కూర్చున్నప్పుడు ఏమీ తెలీక లైను మీదున్న ప్రతి ఊరికీ సమానంగా తెచ్చుకున్నాను. కాకినాడవీ రామచంద్రపురంవీ కరిగిపోయేవి. రాయిపాడువి కదలలేదు. మూడు కిలోమీటర్లకి రైలెవరెక్కుతారు? పైగా రాయిపాడుకి! పన్నెండు వందల పైచిలుకు టిక్కెట్లు పెట్టె అడుగున అలా పడున్నాయి. చెదలు పట్టకుండా వేపాకు వేస్తూ, ఎండబెడుతూ వాటిని నాలుగేళ్ళు కాపాడాను. డబ్బాలో అడుగునున్న పాత పప్పు ముందు వండెయ్యాలి, కొత్తది తర్వాత అని మా అమ్మ నేర్పింది. అదే చేశాను. అసలు ఎక్కేవాళ్ళకి కాకినాడవీ రామచంద్రపురంవీ దాచి, వంతుల వాళ్ళందరికీ రాయిపాడువి తీశాను.

మొదటి రోజే మాణిక్యం పిన్ని పక్కన నిలబడి చూసింది.

"వీళ్ళకి రాయిపాడు ఎందుకిస్తున్నావే?"

"ఎక్కరు కదా పిన్నీ."

"ఎక్కనోళ్ళకి కాకినాడ ఇస్తే ఏం పోయింది? ధర ఒకటేగా. పెళ్ళిచూపులకి చిరుగు పంచె కట్టుకెళ్ళినట్టుంది నీ బేరం."

నవ్వేశాను. అరటాకులమ్ముకునే మనిషి, నాకు చెబుతుందా అనుకున్నాను. బీకాం కదా నేను.

మే నెల అలా గడిచింది. పొద్దున్న తొమ్మిదికి వంతు వీధి వాళ్ళు వచ్చేవారు. పది రూపాయల నోటు కిటికీలో పెట్టి, తేదీ కొట్టిన టిక్కెట్టు తీసుకుని, కొంగుకి ముడేసుకునో జేబులో దోపుకునో, అడుగు ఇటు వేసి మా ఆయన బండెక్కేవారు. కొందరు మర్యాదకి నావైపు చూసి "వెళ్ళొస్తామండీ స్టేషన్ గారూ" అని మరీ వెళ్ళేవారు. రైలుబస్సు వచ్చే వేళకి మాణిక్యం పిన్నీ, ఆవిడ నాలుగు కట్టలూ, ఇంకో ఏడెనిమిదిమందీ ఉండేవారు. లోపలి మనిషి దిగి, నా చిట్టా చూసి, షెడ్డు చూసి, మళ్ళీ చిట్టా చూసి ఎక్కేవాడు. ఆ చూపు నాకు భరించరానిదిగా ఉండేది.

"మీ బండిలో కూర్చున్నోళ్ళందరి దగ్గరా నా టిక్కెట్లున్నాయి, తెలుసా మీకు?" అన్నాను ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ.

"మంచిదే కదే. ఒకే మనిషి మీద మనిద్దరికీ గిట్టుబాటు."

"గిట్టుబాటు కాదండీ. సిగ్గు. రైలు ఖాళీగా వెళ్తుంటే నేను కిటికీలో కూర్చుని చూడాలి."

"నేనేం చెయ్యనే? దించెయ్యనా? 'అమ్మా దిగండి, మా ఆవిడ రైలెక్కండి' అని చెప్పనా?"

"చెప్పండి."

"చెబితే వేరే బండెక్కుతారు. అదీ నీ రైలు కాదు."

ఆ మాట అన్నందుకు ఆయనకి మర్నాడు క్యారేజీ కట్టలేదు. ఆయన రామచంద్రపురంలో ఇడ్లీ తిని వచ్చి, "నీ చేతి కూర కంటే బాగానే ఉందే" అన్నాడు. మూడు రోజులు అదే ఇడ్లీ. నాలుగో రోజు పొద్దున బండి తీసుకెళ్ళి షెడ్డుకి అవతల, ఎర్రటి ఎండలో పెట్టాడు. జనం కూడా నా నీడ వదిలి వెళ్ళి ఆ ఎండలోనే నిలబడ్డారు. నాకింకా ఒళ్ళు మండింది. "ఇటే పెట్టుకోండి, ముసలీ ముతకా ఎండలో చస్తున్నారు" అని నేనే కేకేశాను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండల్లో, జూన్ మొదటి వారం, ఆఫీసరు గారు జీపులో వచ్చారు. ఎక్కడో దూరం నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన మనిషి. నెమ్మదస్తుడు. ఉదయం పదింటికే ఊరి పెద్దలందరూ ఇస్త్రీ బట్టల్లో షెడ్డుకి చేరారు. కొబ్బరి బొండాలు గెల దించి సిద్ధంగా పెట్టారు. మా ఆయన ఆ పూట బండి తిప్పడం మానేసి, దాన్ని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. నేను పట్టుచీర కట్టుకోలేదు గానీ కట్టుకున్నంత పని చేశాను.

"మీరేనామ్మా ఏజెంటు?"

"ఆయ్, నేనేనండి."

చిట్టా తీసుకుని పేజీలు తిప్పారు. "బాగుందే! రోజుకి యాభై దాకా ఉన్నాయి."

"ఎండలని తక్కువండి" అన్నారు తాతాజీ గారు. "వానలు పడితే చూడండి, కిటకిటే."

ఇంకో రెండు పేజీలు తిరిగాయి. ఆయన బొండం కింద పెట్టారు.

"ఇందులో నలభై రాయిపాడుకేనా? రోజూ నలభై?"

తాతాజీ గారు కండువా సర్దుకున్నారు.

"రాయిపాడు రోజూ ఇంతమంది ఎందుకు వెళ్తారమ్మా?"

నన్నే అడిగారు. ఎవరూ వెళ్ళలేదండీ అనొచ్చు. అంటే ఊరు ఊరంతా దొంగ టిక్కెట్లు కొన్నట్టు, నేను అమ్మినట్టు. నోటికి ఏది వస్తే అది అన్నాను.

"సంతండి."

"రోజూ సంతా?"

తాతాజీ గారు అందుకున్నారు. "సంత వారానికొకటేనండి. మిగతా రోజులు ఆసుపత్రి. అక్కడి డాక్టరు గారి హస్తవాసి మంచిదండి. చుట్టుపక్కల ఏడూళ్ళ జనం వాళ్ళ గుమ్మంలోనే ఉంటారు."

"బ్యాంకు కూడా అక్కడేనండి" అన్నారు లాకుల వీధి పెద్ద.

"ఎరువుల కొట్టండి. బంగారం కొట్టండి."

"హైస్కూలండి. మనూరి దాంట్లో చదువు లేదండి, అక్కడైతే మాస్టార్లు బాగా చెబుతారండి."

వింటున్నకొద్దీ నాకు కళ్ళు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగి రాయిపాడుని ఒక్క మంచి మాట అనని నోళ్ళు. పావుగంటలో ఆ ఊరిని కాకినాడ చేసేశారు.

"మూడు కిలోమీటర్లే కదా, ఆటోలున్నాయిగా?" అన్నారు ఆఫీసరు గారు, మా ఆయన బండి వైపు చూస్తూ.

మా ఆయన గుడ్డ భుజాన వేసుకున్నాడు. నావైపు చూశాడు. "ఆ రోడ్డు బాగోదండి. నేనసలు అటు తిప్పనండి. జనం రైలే అడుగుతారండి" అన్నాడు.

నా కోసం అన్నాడు. పెళ్ళయ్యాక నా కోసం ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. కళ్ళు చెమర్చాయి కూడా. ఆ తడిలోనే కనబడింది, ఆఫీసరు గారి కలం కదలడం.

తాతాజీ గారు చివరి మేకు కొట్టారు. "మా ఊళ్ళో ఏముందండి బాబూ, అన్నిటికీ రాయిపాడే మాకు దిక్కు."

"రాయిపాడులో ఏముంది, బూడిద" అని గొణిగింది ఆకు కట్టల మీద కూర్చున్న మాణిక్యం పిన్ని. "ఊరుకోవే" అని నలుగురు ఒకేసారి కసిరారు.

కిటికీకి అవతల నిలబడి రాసేవాళ్ళ కాగితాలు ఇవతల్నుంచి తలకిందులుగా చదవడం నాలుగేళ్ళలో నాకు అబ్బిన విద్య. ఆయన ఇంగ్లీషులో మూడు లైన్లు రాశారు. చదివాను. ఈ చుట్టుపక్కలకి ముఖ్యమైన ఊరు రాయిపాడు, తాళ్ళమెరక వాళ్ళ అవసరాలన్నీ అక్కడే అని ఉంది.

"ఇంకో బొండం కొట్టమంటారాండీ?" అని అడిగాను.

"వద్దమ్మా, చాలు" అని చిట్టా నా చేతికిచ్చి, జీపెక్కి రాయిపాడు వైపు వెళ్ళిపోయారు. ఇంకా రైలుబస్సు రాలేదు. షెడ్డులో అందరూ ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు తట్టుకున్నారు. "గట్టెక్కించేవమ్మాయ్, ఎంత సమయానికి అన్నావ్ సంతని!" అన్నారు తాతాజీ గారు. నేను చదివింది ఎవరికీ చెప్పలేదు. చెప్పి చేసేదేముంది?

మూడో వారంలో ఉత్తర్వు వచ్చింది. జులై ఒకటి నుంచి తాళ్ళమెరక హాల్టు ఎత్తివేత. ప్రయాణికులు రాయిపాడులో ఎక్కవలెను.

ఊరు నా మీద పడింది. "ఆ దిక్కుమాలిన టిక్కెట్లు నిన్నెవరు ఇమ్మన్నారు?" అన్నవాళ్ళలో తాతాజీ గారే ముందు.

"ఏ ఊరైతే ఏంటన్నది మీరేకదండీ?"

"నేనంటే మాత్రం! చదువుకున్నదానివి, నీకుండొద్దూ?"

నిజమే, ఉండొద్దూ? 'స్టేషన్ గారు' అన్న నోళ్ళే ఆ రోజు నుంచి 'లోవరాజు పెళ్ళాం' అనడం మొదలుపెట్టాయి. ఒక్క మాణిక్యం పిన్ని మాత్రం చిరుగు పంచె మాట మళ్ళీ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే రాయిపాడు ఏజెంటు త్రిమూర్తులు చక్రకేళీ గెల ఒకటి మోటారు సైకిల్ మీద వేసుకుని మా ఇంటికొచ్చాడు. నాలాగే అట్ట టిక్కెట్లు అమ్ముకునే మనిషి, రోజుకి పదీ పన్నెండూ. వీధిలోంచే చేతులు జోడించాడు.

"అక్కయ్యగారూ, మీ ఊరి చలవ. మాదే తీసేస్తారనుకుని నేను షెడ్డులో పలక కూడా తుడవడం మానేసేనండి."

"ఎగతాళికొచ్చేవా తమ్ముడూ?"

"అమ్మతోడండి, కాదు. ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆఫీసరు గారు జీపు దిగీ దిగ్గానే 'సంతేదయ్యా' అన్నారండి. మా ఊళ్ళో సంతెక్కడుందండీ?"

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటానండి? 'రేపండి' అన్నాను."

మా ఆయన లోపలి నుంచి పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గెల వెనక్కి పంపించేద్దామనుకున్నాను. మా ఆయన అప్పటికే ఒక పండు ఒలిచాడు.

ఆఖరి రోజు ఆదివారం. తొలకరి పడి నాలుగు రోజులైంది. కాలవలకి నీళ్ళు వదిలారు, నారుమళ్ళు దున్నుతున్నారు, గాలి లేదు, ఒకటే ఉక్క. చివరి రైలుబస్సుకి ఎవరైనా వస్తారేమోనని షెడ్డు ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి పెట్టాను. ఎవరూ రాలేదు. ఊరికి వేరే పని పడింది, పొలాల్లో దమ్ములు. మాణిక్యం పిన్ని ఒక్కతే నాలుగు కట్టలతో వచ్చి, టిక్కెట్టు తీసుకుని, బల్ల మీద కూర్చుంది. మా ఆయన బండి మాత్రం ఎప్పటిలాగే ఎదురుగా ఉంది. అందులో ముగ్గురో నలుగురో అప్పుడే ఎక్కి కూర్చున్నారు.

ఒంటిగంటన్నరకి కోటిపల్లి వైపు నుంచి కూత వినిపించింది. పెట్టెలో టిక్కెట్లు సర్దుతుంటే కిటికీలోంచి ఒక ఇరవై నోటు లోపలికొచ్చింది.

"రాయిపాడుకి రెండు."

తలెత్తాను. మా ఆయన.

"వేళాకోళమాడకండి. నాకు ఓపిక లేదు."

"వేళాకోళమేంటే? డబ్బిచ్చేనుగా. రెండు."

"రెండోది ఎవరికి?"

"ఏజెంటు గారికి. నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఎక్కేవా నీ రైలు?"

ఎక్కలేదు. ఎక్కితే కిటికీలో ఎవరుంటారు? నోటు తీసుకున్నాను. అడుగున ఇంకా గుప్పెడు మిగిలాయి రాయిపాడువి. రెండు తీసి, తేదీ కొట్టి, చిట్టాలో రాసి, ఒకటి ఆయనకిచ్చి ఒకటి నేను ఉంచుకున్నాను. ఆకు కట్టలు చెరో రెండూ అందుకుని పిన్నితో పాటు ఎక్కాం.

లోపల తొమ్మిదిమంది ఉన్నారు. కిటికీలోంచి మా షెడ్డు, మా పలక, ఆ పక్కన ఖాళీ డ్రైవరు సీటుతో ఆటో, అందులోంచి తలలు బయట పెట్టి నోళ్ళు తెరిచి చూస్తున్న జనం, అన్నీ వెనక్కి జరిగాయి. పక్క నుంచి చూస్తే మా ఊరు ఇంత చిన్నదా అనిపించింది. రెండు గేట్ల దగ్గర ఆగి, ఆరు నిమిషాల్లో వెళ్ళాల్సిన చోటికి పావుగంటలో చేరింది. టిక్కెట్టు ఎవరూ అడగలేదు.

"దిగండి, మీ ఊరొచ్చింది" అంది మాణిక్యం పిన్ని. అదొక్కటే అంది.

దిగాం. పెట్టె వెళ్ళిపోయింది. ఒక రేకుల షెడ్డు, అచ్చు మాలాంటిదే. రెండు బల్లలు. ఒక బల్ల మీద ఆడమేక, కింద దాని పిల్లలు. తాళం వేసిన కూల్‌డ్రింకు బడ్డీ. త్రిమూర్తులు భోజనానికి వెళ్ళినట్టున్నాడు, కిటికీ మూసి ఉంది. కనుచూపు మేరలో మనిషి లేడు.

మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు.

"సంతేదే?"

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆ రెండు నెలల్లో రానిది, ఉత్తర్వు వచ్చిన రోజున కూడా రానిది, రాయిపాడులో, మేకల ముందు వచ్చింది. ఆయన భుజం మీద గుడ్డ తీసి ఇచ్చాడు. దానికి ఇంజనాయిల్ వాసన.

మళ్ళీ రైలు మర్నాడే, అదీ మా ఊళ్ళో ఆగదు. పట్టాల పక్క కట్ట మీద నడిచాం, మూడు కిలోమీటర్లు. బురద కాళ్ళకి అంటుకుంటూ, నారుమళ్ళలో కొంగలు లేస్తూ దిగుతూ. దారిలో ఒకసారి ఆయన ఆగి, టిక్కెట్టు జేబులోంచి తీసి చూసుకుని, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఏం చేస్తావని అడగలేదు. రామచంద్రపురం బట్టల కొట్లో బిల్లులు కొట్టే మనిషి కావాలంటున్నారని, అది కూడా ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు. ఆ మనిషిని నేనయ్యాను. తర్వాత మార్చికల్లా కరోనా వచ్చి అసలు రైలుబస్సే ఆగిపోయింది. రాయిపాడు షెడ్డులో కూడా ఇప్పుడు మేకలే. త్రిమూర్తులు ఎప్పుడైనా కనబడితే ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తల తిప్పుకుంటాం.

మేం ఊరు చేరేసరికి మూడున్నర. ఆటో నిండిపోయి ఉంది. ఎక్కినవాళ్ళు దిగలేదు, ఇంకొందరు ఎక్కి కూర్చున్నారు. అందరి మొహాలూ చెమటతో జిడ్డు కారుతున్నాయి. వెనక సీటు మధ్యలో తాతాజీ గారు.

"ఎక్కడికి పోయేవయ్యా లోవరాజూ? రెండు గంటల్నుంచి ఉడికి చస్తున్నాం ఇక్కడ."

"రాయిపాడు సంతకండి" అన్నాడు మా ఆయన, సీట్లో కూర్చుంటూ.

తాతాజీ గారు కండువాతో విసురుకోవడం ఆపారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"రాయిపాడులో సంతేంటయ్యా?" అన్నారు. "ఎవడు చెప్పేడు నీకు?"

నేను షెడ్డులోకి వెళ్ళి, కుండలో నీళ్ళు పారబోసి, కిటికీ రెక్క దించి తాళం వేశాను. వెనక మా ఆయన బండి స్టార్టయింది. "రామచంద్రం, రామచంద్రం" అని అరుస్తున్నాడు, బండిలో కూర్చోడానికి ఇంక చోటు లేకపోయినా.